పటములో నిలిచిన చెయ్యి

ఈ నెల నేను వ్రాయబోవు సంగతి మీకు కొంచెము వింతగా తోచవచ్చును. హైదరాబాదు పాతబస్తీలో ఏబది యేండ్లు దాటిన ఒక పాస్టరు, చుట్టు పిల్లలను కూర్చుండబెట్టుకొని, నక్షత్రలోకపు కథతో బొమ్మల సినిమా తీసెననిన మీలో కొందరు నవ్వుకొందురు. నవ్వుడి, తప్పులేదు. మా సంఘపెద్ద ఒకాయన కూడ, "అయ్యగారూ, వాక్యము చెప్పే నోటితో ఈ రాకెట్ల మాటలేంది?" అని నన్ను నిలదీసెను. అప్పుడు నేనాయనకు సరియైన జవాబు చెప్పలేకపోతిని. ఇది చదువకముందు, వీలైనయెడల, యాకోబు పత్రిక రెండవ అధ్యాయములోని మొదటి తొమ్మిది వచనములు ఒకసారి చదువుకొనుడి. బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి స్థలము, మురికి బట్టలవానికి నిలువ చోటు. ఆ భాగముమీద నేను ఎన్నియో ప్రసంగములు చేసితిని. వాటిలో ఒక్కటియైనను నన్నుగూర్చి చేసికొనలేదు.

చార్మినారుకు దక్షిణముగా, గల్లీలోనుండి గల్లీలోనికి దూరి పోయినచోట, మాకొక చిన్న ప్రార్థన గది కలదు. పైన మిద్దె, మిద్దెమీద సగము రేకుల పందిరి. నలుబదిమంది వచ్చిన గది నిండిపోవును. వచ్చువారిలో ఎక్కువమంది తెల్లవారకముందే లేచి రోడ్లూడ్చువారు. పాలమూరు వైపునుండి, మెదకు వైపునుండి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు. ఇరుగుపొరుగంతయు ముస్లిము కుటుంబములు. రంజాను పండుగనాడు వారింటి షీర్ ఖుర్మా మాయింటికి వచ్చును. క్రిస్మసునాడు మా అమ్మగారు చేసిన అరిసెలు వారింటికి పోవును.

2024 మే నెలలో సెలవుల బైబిలు బడి ముగిసెను. అయినను పిల్లలు ఇండ్లకు పోరు. బయట ఎండ నిప్పులు చెరుగుచుండెను. మా గదిలో రెండు ఫ్యానులున్నవి. పొరుగు పిల్లలు కూడ ఒకరివెంట ఒకరు వచ్చి ఫ్యాను క్రింద చేరిరి. మా సంఘములో ఒక యువకుడు కంప్యూటరుతో బొమ్మలు ఆడించు కంపెనీలో పని చేయుచున్నాడు. అతడు పిల్లలను చూచి, "అయ్యగారూ, వీళ్లతోని ఒక కార్టూను ఫిల్ము తీద్దామా? నా సెల్‌ఫోను చాలు," అనెను. పొరుగు తలిదండ్రులయొద్దకు నేనే పోయి అడిగితిని. బైబిలు పాఠము వేరు, బొమ్మల పని వేరు. మీ పిల్లలు బొమ్మల వేళకే వచ్చెదరు అని మాటయిచ్చితిని, ఆ మాట నిలుపుకొంటిమి.

తోలుబొమ్మలాట చూచిన పెద్దలకు ఈ పని సులభముగా అర్థమగును. అక్కడ తెరవెనుక చెయ్యి బొమ్మను ఆడించును, చెయ్యి మనకు కనబడదు. ఇక్కడ కాగితపు బొమ్మను బల్లమీద పరుండబెట్టి పైనుండి ఒక ఫోటో తీయవలెను. తరువాత చెయ్యి పెట్టి బొమ్మను వెంట్రుకవాసి జరిపి, చెయ్యి తీసివేసి, మరల ఒక ఫోటో. ఈ ఫోటోలను వరుసగా వేగముగా చూపినయెడల బొమ్మ తానే నడచినట్లుండును. సినిమాలో సెకనుకు 24 పటములు పరుగెత్తును. మేము ఒక్కొక్క ఫోటోను రెండేసిసార్లు వాడుకొని సెకనుకు 12 ఫోటోలతో సరిపెట్టుకొంటిమి. మా సినిమా నిడివి 2 నిమిషముల 10 సెకనులని యువకుడు ముందే లెక్క గట్టెను. అనగా 1560 ఫోటోలు. అనగా 1560 సార్లు చెయ్యి లోపలికి పోవలెను, 1560 సార్లు బయటికి రావలెను. ఒక్కసారి మరచినను పటము చెడును. ఈ లెక్కను మనస్సులో ఉంచుకొనుడి.

స్టూలును తలక్రిందుగా పెట్టి దాని కాళ్లకు సెల్‌ఫోను కట్టితిమి. కిటికీలకు దుప్పట్లు వేసితిమి, ఏలయనగా ఎండ మాటిమాటికి మారిన సినిమాలో వెలుగు మిణుకుమిణుకుమనును. రెండు బల్లదీపములు వెలిగించితిమి. కరెంటు పోయినప్పుడు పని ఆపి కూర్చుంటిమి. చాలసార్లు కూర్చుంటిమి.

ఈ విద్య మన దేశమునకు వచ్చిన విధము మీకు చెప్పిన సంతోషింతురు. ఇండియాలో పనిచేసిన మిషనెరీ దంపతుల కుమారుడు క్లేర్ వీక్స్ అను నతడు అమెరికాలో డిస్నీ కంపెనీ చిత్రకారుడై, 1956లో బొంబాయికి వచ్చి, ఫిల్ము డివిజనులోని మనవారికి బొమ్మలు కదలించుట నేర్పెను. వారు 1957లో ముగించిన మొదటి చిత్రము మఱ్ఱిచెట్టు జింకనుగూర్చినది. బౌద్ధుల జాతక కథ. రాజు వేటకు రోజుకొక జింక వంతు పోవలెనని ఏర్పాటు. గర్భిణియైన లేడి వంతు వచ్చినప్పుడు జింకలరాజు దాని స్థానములో తానే పోయి తల వంచెను. మా పిల్లలకు ఈ కథ చెప్పితిని. ఎనిమిదేండ్ల బాలుడొకడు, "రాజే పోయిండా? మంత్రిని పంపొచ్చు గదా," అనెను. ఆ పసివాని నోట లోకరీతి ఎంత తేటగా పలికినదో చూడుడి!

కథ విషయమై నేను ముందే ఒక నిర్ణయము చేసికొని యుంటిని. ధనవంతుని కథను, అతని వాకిట పడియున్న లాజరు కథను, చంద్రునిమీద జరిగినట్లు చూపవలెనని నా ఉద్దేశము. పిల్లలు ఒప్పుకొనలేదు. వారికి చార్మినారు కావలెను. "నాలుగు మీనార్లు నాలుగు రాకెట్లు సాబ్, అది ఎగురుతది," అని ఒక పొరుగు పిల్లవాడు చెప్పగానే గదియంతయు కేకలు. చార్మినారు 1591లో కట్టబడెను; దానికి వెయ్యేండ్లు కలుపుకొని కథను 2591లో పెట్టిరి. ఆ యేట చార్మినారు పొగలు చిమ్ముచు ఆకాశమునకు లేచిపోవును; దానితో ఉన్నవారందరు పోయి మేఘములమీద పైనగరము కట్టుకొందురు. లేనివారు మూసీ ఒడ్డున క్రిందినగరములో మిగిలిపోవుదురు. పైనగరమునకు నీళ్లు లేవు. క్రింది పిల్లలు ఒక పెద్ద గిరకను రాత్రింబగళ్లు త్రిప్పిన, పొడవైన గొట్టములో నీళ్లు పైకెక్కును. పైవారు ఆ నీటిని గండిపేట నీళ్లని చెప్పుకొని త్రాగుదురు. అవి ఎక్కడనుండి వచ్చుచున్నవో వారికి తెలియదు. తెలిసికొన కోరిక కూడ లేదు.

నీళ్ల మాటే ఎందుకు వచ్చినదని అడిగితిని. అడుగవలసిన పనియే లేదు. ఎండాకాలములో ట్యాంకరు వెంట బిందెలతో పరుగెత్తువారు వారే. 2020 అక్టోబరు 13 రాత్రి వాన కురిసి చెరువులు పొర్లి పాతబస్తీ పల్లపు కాలనీలలో మిద్దె మెట్లదాక నీళ్లు నిలిచినప్పుడు, పెద్దల భుజములమీద బయటపడినవారును వారే. నేను వారికి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద సంగతి చెప్పితిని. ఆ దినమున వేలమంది కొట్టుకొనిపోయిరి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్న చింతచెట్టు నెక్కి దాదాపు 150 మంది బ్రతికిరి. ఆ చెట్టు ఇంకను అక్కడనే యున్నది. దానికి చేతులు చాచినవానిని నీదే కులమని, నీదే మతమని అది అడుగలేదు. ఆ వరద తరువాతనే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి ఆలోచన అడిగిరి. 1920లో గండిపేట దగ్గర ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు సిద్ధమాయెను. పిల్లలు ఇదంతయు విని ఆ చింతచెట్టును సినిమాలో పెట్టిరి. గిరక దాని నీడలోనే యుండును.

కానిలోకపు కథలు చెప్పి ఉన్నలోకపు అన్యాయమును చూపుట పిల్లల వెఱ్ఱి యనుకొనకుడి. 1905లో మద్రాసులో అచ్చయిన ఒక ఇంగ్లీషు పత్రికలో రొకేయా సఖావత్ హుస్సేన్ అను బెంగాలీ ముస్లిము స్త్రీ "సుల్తానా స్వప్నము" అను కథ వ్రాసెను. అందులో స్త్రీలు దేశము నేలుదురు, సూర్యుని వేడితో వంట చేసికొందురు, గాలిలో బండ్లు నడుపుదురు. పురుషులు మాత్రము లోపలి గదులలో పరదాలో నుందురు. ఈ కథ చెప్పినప్పుడు మగపిల్లలు నవ్విరి. ఆడపిల్లలు నవ్వలేదు; మరల చెప్పుమనిరి.

ఒక చిక్కు వచ్చెను. పొరుగు తాతగారొకరు, ప్రాణులకు ముఖములు గీయుట తమకు సమ్మతము కాదని మర్యాదగా చెప్పిపంపిరి. నేను కొంచెము కలవరపడితిని. పిల్లలకు కలవరమే లేదు. పైవారికి క్రిందివారికి అందరికి ముఖములు ఖాళీగా విడిచిపెట్టిరి, కండ్లు లేవు, ముక్కు లేదు. తీరా చూడగా ఎవరు పైవారో ఎవరు క్రిందివారో బట్టలవలన తప్ప తెలియకపోయెను. ఇది నా బుద్ధికి తోచిన ఉపాయము కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. ఇదివరకు చెప్పినంత తేలికగా ఇది చెప్పలేను.

పదునాలుగేండ్ల పిల్లవాడొకడు సాయంకాలము ఆలస్యముగా వచ్చి తలుపునొద్ద నిలుచుండెడివాడు. లాడ్‌బజారులో తళతళలాడు లక్కగాజులు మీరు పట్నము వచ్చినప్పుడు చూచియుందురు. మీ కూతుండ్ల పెండ్లికి కొనియుందురు. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు కూడ దొరికెను. ఆ గాజులు ఇరుకు ఇండ్లలో తయారగును. బొగ్గు కుంపటిమీద లక్కను కాచి, సాగదీసి, చుట్టి, అది వేడిమీద నుండగానే చిన్న చిన్న రాళ్లను, అద్దపు ముక్కలను ఒక్కొక్కటి పొదుగవలెను. ఆలస్యమైన లక్క గట్టిపడును. తొందరపడిన వ్రేలు కాలును. 2015 జనవరిలో పోలీసువారు పాతబస్తీ గాజుల కార్ఖానాలలోనుండి 200 మందికి పైగా పిల్లలను విడిపించిరి. వారిలో ఎక్కువమంది బీహారునుండి తేబడినవారు. మా పిల్లవాడు కార్ఖానావాడు కాడు; ఇంటిలో తల్లితో కూర్చుండి రాళ్లు పొదుగును. లాక్‌డౌను కాలములో మానిన బడికి అతడు మరల పోలేదు. అతని కుడిచేతి చూపుడువ్రేలి కొనమీద కాలిన మచ్చ యొకటి పైసంత యుండెను.

అతడు వచ్చిన మొదటి దినమున నేనేమి చేసితినో వినుడి. బడి పిల్లలకు రంగు పెన్సిళ్లు పంచియిచ్చితిని. అతని చేతులు మసిగా నున్నవని చూచి, చీపురు చేతికిచ్చి, కత్తిరించిన కాగితపు ముక్కలను ఊడ్చుమని చెప్పితిని. ప్రేమతోనే చెప్పితిని! "బేటా" అని పిలిచి చెప్పితిని. అతడు ఊడ్చెను. రెండవనాడును ఊడ్చెను. నాకు అందులో ఏ తప్పును కనబడలేదు. అతనికి కూడ ఒక పని దొరికెనని సంతోషించితిని.

మూడవనాడు సినిమా ముగింపును గూర్చి తగవు వచ్చెను. కథలో ఒకనాడు నీళ్లాగిపోవును. పైవారు ఒక ఇనుప మరమనిషిని క్రిందికి పంపుదురు. అది దిగి చూడగా గిరక త్రిప్పు పిల్ల జ్వరముతో చింతచెట్టు క్రింద పడియుండును. మరమనిషికి మనస్సు లేదు, అయినను గిరక పట్టుకొని తానే త్రిప్పును. తరువాత ఏమి జరుగవలెను? "పైనగరాన్ని బాంబుతోని పేల్చేద్దాం," అని కొందరు. "కిందోళ్లందరిని పైకి తీస్కపోదాం," అని కొందరు. నేను రెండవ పక్షము వహించితిని. మోక్షమువలె నుండునని నా తలంపు. అప్పుడు చీపురు పట్టుకొని మూలనున్న పిల్లవాడు తల యెత్తక, "అందరు పైకి పోతే గిరక ఎవరు తిప్పుతరు సాబ్?" అనెను.

ఎవరును మాటలాడలేదు. నేను వేదాంత కళాశాలలో చదివినవాడను. ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేదు.

నాలుగవనాడు బొమ్మలు జరుపుట మొదలాయెను. బడి పిల్లల చేతులకు ఓపిక లేదు. జరిపిన ప్రతిసారి బొమ్మ అంగుళము దూకును. మరమనిషి కప్పవలె గంతులు వేసెను. ఊడ్చుచున్న పిల్లవాడు చాలసేపు చూచి, చీపురు గోడకానించి, చేతులు కడుగుకొని వచ్చెను. "అంత నక్కో. బియ్యపుగింజంత," అని చెప్పి ఒక్క వ్రేలితో బొమ్మ కాలును తాకెను. అది జరిగెనో లేదో నాకు తెలియలేదు. యువకుడు ఫోటోలను ఆడించి చూపగా మరమనిషి ముసలివానివలె, అలసినవానివలె, అడుగుమీద అడుగు వేసి నడచెను. కంపెనీలో జీతము తీసికొను మా యువకుడు, "అయ్యగారూ, ఈ చెయ్యి నాకు లేదు," అనెను. ఆనాటినుండి మరమనిషిని జరుపు పని అతనిదే. తాను ఇంటినుండి పగిలిన గాజు ముక్కలు, పనికిరాని రాళ్లు ఒక పొట్లములో తెచ్చి ఆకాశమంతయు నక్షత్రములు పరచెను. కాగితపు కీళ్లు ఊడిపోవుచుండగా లక్కచుక్క పెట్టి అతికించెను.

ఇక్కడితో నేను బుద్ధి తెచ్చుకొంటిననుకొందురేమో. లేదు. సినిమా చివర పని చేసినవారి పేర్లు వేయుట వాడుక. ఆ పట్టిక నేనే వ్రాసితిని. కథ, బొమ్మలు, రంగులు, మాటలు అని శీర్షికలు పెట్టి మా సండేస్కూలు పిల్లల పేర్లును బడికి పోవు పొరుగు పిల్లల పేర్లును పెద్ద అక్షరములతో వ్రాసి, అడుగున "సహాయము" అని చిన్నగా పెట్టి ఆ పిల్లవాని పేరు వ్రాసితిని. చేయి వణకలేదు, మనస్సు గద్దించలేదు. పదేండ్ల బాలిక యొకతె, రోడ్లూడ్చు తల్లికి పుట్టిన బిడ్డ, ఆ కాగితము చదివి నాయొద్దకు తెచ్చి, "అయ్యగారూ, గిది మన సినిమాల పైనగరం లెక్కనే ఉంది," అనెను. హేళన చేయలేదు, చూచినది చెప్పెను, అంతే.

సహోదరులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చిన్ననాటి ఊరు జ్ఞాపకము వచ్చెను. మా వాడ ఊరికి వెలుపల నుండెను. మా నాయన డప్పు లేనిదే ఊరిలో పండుగ లేదు, పెండ్లి లేదు, చావు లేదు. అయినను పందిట్లో ఆయనకు చోటు లేదు. ఆకులో అన్నము దూరమునుండి జారవిడిచెడివారు. బడిలో చేరినప్పుడు వార్షికోత్సవమునకు బెంచీలు మోసినది నేను, నాతోటి మా వాడ పిల్లలు. వేదిక కట్టినది మేము. బహుమానములు పంచిన వేళ మేము గోడవెనుక ఎంగిలి గ్లాసులు కడుగుచుంటిమి. ఎవరును మమ్ములను కొట్టలేదు, తిట్టలేదు. పని ముగిసినది, పక్కకు పొమ్మనిరి. అంతమాత్రమే. ఆ మాట నలుబది యేండ్లు నా గుండెలో ముల్లువలె నుండగా, నేను అదే మాటను "బేటా" అను తేనె పూసి మరియొకని చేతిలో పెట్టితిని. బాధింపబడినవాడు బాధింపడు అని మనము తలంతుము. అది నిజము కాదు. నాకు తెలిసినంతవరకు, క్రిందనుండి వచ్చినవానికి పైనగరము త్వరగా అలవాటగును.

కానా ఊరి పెండ్లిలో ప్రభువు నీళ్లను ద్రాక్షారసముగా మార్చినప్పుడు, విందు ప్రధానికి అది ఎక్కడనుండి వచ్చినదో తెలియలేదు. నీళ్లు చేదిన పనివారికి తెలిసెను. యోహాను ఈ మాటను ఎంత నెమ్మదిగా వ్రాసి విడిచెనో! ఆ మొదటి సూచకక్రియకు సాక్షులు బిందెలు మోసినవారు. వారి పేర్లు మాత్రము మనకు దొరకవు. ఇన్నాళ్లు నేను ఆ భాగము బోధించుచు ద్రాక్షారసమునుగూర్చి చెప్పితిని, పెండ్లినిగూర్చి చెప్పితిని. నీళ్లు చేదినవారి జబ్బలను గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. మీ సంఘములో క్రిస్మసుకు ముందు గుడి అలికి ముగ్గుపెట్టు విధవరాలు ఆరాధనవేళ ఎక్కడ కూర్చుండును? ప్రేమవిందులో అందరు తినిన తరువాత గంగాళములు తోమువారికి కూర మిగులునా? నేను మిమ్ములను నిందించుటకు అడుగుటలేదు. మా గదిలోనే ఆ జవాబు నాకు ముందు తెలియకపోయెను గనుక అడుగుచున్నాను.

మరునాడు పిల్లలను కూర్చుండబెట్టి పట్టికను వారి యెదుటనే చింపివేసితిని. ఆ పిల్లవాని వైపు తిరిగి, "నిన్ను ఊడ్వుమని చెప్పుట నా తప్పు. పేరు అడుగున వ్రాయుటయు నా తప్పు. నన్ను క్షమించు బేటా," అని చెప్పితిని. అతడు సిగ్గుపడి, "ఊడిస్తే ఏమైతది సాబ్, చెత్త ఉండె గదా," అనెను. తరువాత పిల్లలు తామే ఒక ఏర్పాటు చేసికొనిరి. గదినూడ్చుటకు వంతులు, ఆ వంతులలో నా పేరు కూడ వ్రాసిరి. గురువారము నాది. అది చూచి నా మొదటి సంఘపెద్ద మరల ముఖము చిట్లించెను. చిట్లించనీయుడి.

సినిమా ముగింపు కూడ అట్లే కుదిరెను. పైనగరపు పిల్ల యొకతె దుర్భిణిలోనుండి క్రిందికి చూచి, మరమనిషి గిరక త్రిప్పుట కనిపెట్టి, త్రాడు పట్టుకొని తానే దిగివచ్చును. ఆమెవెంట మరియొకరు, మరియొకరు. చివరకు చార్మినారు తానే మెల్లగా దిగి పాతచోట నిలుచును. గిరకకు ఒక పిడి బదులు చాల పిడులు పెట్టిరి. దిగివచ్చుటయే ముగింపు కావలెనని పిల్లలకు నేను చెప్పలేదు. దేవునితో సమానముగా నుండు భాగ్యమును విడిచి దాసుని రూపము ధరించినవానిని గూర్చి ఫిలిప్పీ సంఘమునకు పౌలు వ్రాసినదానిని నేను ముప్పది యేండ్లు ప్రకటించియు, పైకి పోవుటయే రక్షణయని ఆ తగవులో నిలిచితిని. పిల్లలు దిగివచ్చుట నెన్నుకొనిరి.

ఫోటోలన్నియు తీయుట ముగిసినతరువాత వరుసగా చూచుకొనుచుండగా ఒక పటము చెడియుండెను. మీట నొక్కు చిన్నది తొందరపడి ముందే నొక్కినది. గిరక ప్రక్కన, మరమనిషి కాలిమీద, ఆ పిల్లవాని చెయ్యి నిలిచిపోయెను. కాలిన వ్రేలు, మసిపట్టిన గోరు, మణికట్టుకు అంటిన లక్కపొడి, అన్నియు తేటగా పడెను. అతడు చూచి, "ఖరాబు అయింది, తీసేయండి భాయ్," అని యువకుని బ్రతిమాలెను. తీసివేయుట సులభము, సెకనులో పన్నెండవ వంతు మాత్రమే కనబడు పటము, తీసినను ఎవరికి తెలియదు. యువకుడు చెరుపబోవుచుండగా, పట్టికను నాయొద్దకు తెచ్చిన ఆ చిన్నదే, "ఉండనీ అన్నా. గిరక తిప్పింది గా చెయ్యే గదా," అనెను.

పిల్లలందరు ఒక్కటిగా పట్టుబట్టిరి. ఉంచుట మాత్రమే గాదు, అందరికి కనబడునట్లు నిలుపవలెననిరి. యువకుడు ఆ ఒక్క పటమును 36 మార్లు వరుసగా పెట్టెను. సెకనుకు 12 చొప్పున మూడు సెకనులు. మా సినిమా 2 నిమిషముల 13 సెకనులాయెను. ఇట్టి బొమ్మల సినిమాలలో సాధారణముగా చెయ్యి దాగియుండును. మాదానిలో ఒక్కచోట అది దాగదు.

అప్పుడు నాకు తోమా జ్ఞాపకము వచ్చెను. లేచిన ప్రభువు మూయబడిన తలుపుల మధ్య శిష్యుల యొద్దకు వచ్చినప్పుడు, ఆయన చూపినవి చేతులు. మహిమ శరీరము ధరించినవాడు, గాయములను మాన్పుకొని నునుపైన చేతులతో రాగూడదా? రాలేదు. మచ్చలతోనే వచ్చెను, చేతుల నెరిగినవాడే తన ప్రభువు నెరిగెను. ఆ వడ్లవాని చేతులకు మేకుల గాయములకు ముందే ఎన్ని ఉలిదెబ్బలుండెనో సువార్తికులు వ్రాయలేదు. నా మట్టుకు నేను ఉండెననియే నమ్ముచున్నాను.

బడులు తెరచుటకు ముందటి శనివారము రాత్రి మిద్దెమీద తెల్లదుప్పటి కట్టి సినిమా వేసితిమి. దుప్పటి ఒక కొసను పట్టుకొని నిలిచినది, రాకెట్ల మాటలేమని నన్నడిగిన సంఘపెద్దయే. గాలికి అది ఎగురుచుండగా ఆయన కదలక నిలువబడెను. మావారును పొరుగువారును కలిసి కూర్చుండిరి. ముఖములు వద్దన్న తాతగారికి కుర్చీ వేసితిమి. పిల్లవాని తల్లి నల్లబురఖాలో మెట్ల తలుపునొద్దనే నిలువబడియుండెను. పైకి రమ్మని అమ్మగారు పిలిచినను, ఇక్కడ బాగున్నదని చెప్పెను.

చార్మినారు లేచినప్పుడు పిల్లలు ఈలలు వేసిరి. గాజురాళ్ల నక్షత్రములు మెరసినప్పుడు ఆడవారు "మాషా అల్లా" అనిరి. గిరక వచ్చెను, మరమనిషి నడచెను, చెయ్యి వచ్చి నిలిచెను. మూడు సెకనులు. మిద్దెమీద ఎవరికి ఏమియు అర్థము కాలేదు, ఏదో చెడినదనుకొనిరి. మెట్లనొద్దనుండి ఆ తల్లి, "అది మా పిల్లగాని చెయ్యి," అని గట్టిగా అనెను. అందరు వెనుకకు తిరిగిరి. ఆమె రెండడుగులు ముందుకు వచ్చి, "మళ్లొకసారి పెట్టండి," అనెను.

యువకుడు మరల వేసెను. ఆమె వచ్చి చాపమీద అమ్మగారి ప్రక్కన కూర్చుండెను. మూడవమారు కూడ వేసెను. నాలుగవమారు చెయ్యి రాకముందే కరెంటు పోయెను.